తెలుగు రాక కాదు, వినబడక

నేను శబరి ఒడ్డున ఒక కోయ గూడెంలో పుట్టాను. ఇరవై ఏళ్లకు పైగా ఏజెన్సీ బడుల్లో పంతులు పని చేస్తున్నాను. ఎడమ చెవికి మిషన్ పెట్టుకుంటాను. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హతలు ఈ మూడే. వీటితోపాటు నేను చేసిన తప్పు ఒకటుంది. ముందు దాన్ని ఒప్పుకుని, తర్వాతే మిగతావాళ్ల సంగతి మాట్లాడతాను.

నేను పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతికి ఒక పిల్లవాడు వచ్చాడు. మా పక్క గూడెం వాడే. పాఠం చెబుతుంటే రెప్ప వేయకుండా నా మొహం వంకే చూసేవాడు. ప్రశ్న అడిగితే నవ్వేవాడు. పక్కవాడి నోట్సులో ఉన్నది ఉన్నట్టు దించేవాడు, చేతిరాత ముత్యాల్లా ఉండేది. డిక్టేషన్ పెడితే మాత్రం పేజీ ఖాళీ. మూడేళ్లు వాడి గురించి నేను ఒకటే మాట రాశాను: "ఇంటి భాష కోయ. తెలుగు రాదు." తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే అదే చెప్పాను. చెప్పేటప్పుడు లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. బయటి నుంచి వచ్చిన టీచర్లు ఇలాంటి పిల్లల్ని "మొద్దు" అనేస్తారు. నేను అలా అనలేదు, మా పిల్లవాడి భాషను గుర్తించి మాట్లాడాను అనుకున్నాను.

ఒక రోజు రాత్రి అన్నాల దగ్గర పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వాడు వరస తప్పి పక్కకు జరిగాడు. వెనక నుంచి పిలిచాను. కోయలోనే పిలిచాను, పేరు పెట్టి. తిరగలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచాను. వరసలో ఉన్న పిల్లలందరూ తిరిగారు, వాడు తప్ప. వాడి వెనకున్న చిన్నపిల్ల, ఈ మాత్రం తెలియదా అన్నట్టు నా వైపు చూసి చెప్పింది: "వాణ్ని తట్టి పిలవాలి సార్."

మూడేళ్లుగా పిల్లలందరికీ తెలుసు. పంతులుకే తెలియలేదు.

పట్నం తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ 65 డెసిబెల్ దాకా లోపం ఉందని తేలింది. మనం ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే గొంతు దాదాపు 60 డెసిబెల్ ఉంటుంది. అంటే నేను బోర్డు దగ్గర నిలబడి చెప్పిన పాఠమంతా వాడికి పెదవులు కదలడమే. వాడికి తెలుగు రాదని నేను రాసింది నిజమే. కోయ కూడా వాడికి సగమే వచ్చింది. ఆ రెండో సగం గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాట ఇదీ: మన బడుల్లో "భాష రాదు" అన్న మాట వెనక వినబడని చెవులు దాక్కుంటున్నాయి. వాటిని దాచిపెడుతున్నది మనమే.

ఈ మాట మనవాళ్లలో కొంతమందికి కోపం తెప్పిస్తుందని తెలుసు. మన పిల్లలు తెలివితక్కువవాళ్లు కాదు, వాళ్ల భాష వేరు అని చెప్పడానికి మన పెద్దలు ఎంతో కాలం కొట్లాడారు. ఆ కొట్లాట న్యాయమైనది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయంటే ఆ కొట్లాట వల్లనే. ఇంటి భాషతోనే బడి మొదలు కావాలని ఇవాళ కూడా నేను అంటాను, రేపూ అంటాను. కానీ గెలుచుకున్న ఆ మాటనే ప్రతి పిల్లవాడి మీదా దుప్పటిలా కప్పేస్తే, దాని కింద ఏం జరుగుతున్నదో కనిపించదు.

పట్నంలో తెలుగు ఇంటి పిల్లవాడు తెలుగు బడిలో పిలిస్తే పలకడం లేదనుకోండి. ఏడాది తిరిగేలోపు ఎవరో ఒకరు "చెవి చూపించండి" అంటారు, ఎందుకంటే వాళ్లకు చెప్పుకోవడానికి వేరే కారణం దొరకదు. మన పిల్లవాడికైతే కారణం ముందే సిద్ధంగా ఉంది. టీచరు "వీడికి తెలుగు రాదు" అంటాడు. తల్లిదండ్రులు "ఆ సారుకు మన భాష రాదు" అంటారు. ఇద్దరి మాటా సగం నిజమే కాబట్టి ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. మధ్యలో ఆ పిల్లవాడు ఏళ్లకు ఏళ్లు మొహాలు చూస్తూ, నవ్వుతూ కూర్చుంటాడు.

పరీక్షకు తీసుకెళ్తే సమస్య తీరిపోతుందా? అక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఇంకో పిల్లను తీసుకుని నేనొక ఆసుపత్రికి వెళ్లాను. మిషన్ పెట్టాక మాటలు ఎంతవరకు అందుతున్నాయో చూస్తున్నారు. నీళ్ల బొమ్మ చూపించి ఇదేమిటని అడిగారు. ఆ పిల్ల "ఏరు" అంది. "నీరు"లో మొదటి అక్షరం పలకడం లేదని పరీక్ష చేసే ఆమె కాగితం మీద రాసుకుంది. మా కోయలో నీళ్లను ఏరు అనే అంటాం అమ్మా, పిల్ల సరిగ్గానే చెప్పింది అని నేను అడ్డం పడ్డాను. ఆమె మంచి మనిషి, వెంటనే కొట్టేసింది. కానీ నేను లేకపోతే? ఆ పిల్లకు లేని లోపం ఒకటి కాగితం మీద శాశ్వతంగా ఉండిపోయేది. బడిలో చెవి లోపాన్ని భాష లోపం అంటారు, ఆసుపత్రిలో భాష తేడాను చెవి లోపం అంటారు. రెండు చోట్లా నష్టపోయేది మన పిల్లలే.

అసలు మన ప్రాంతాల్లో చెవులు ఎందుకు పోతున్నాయి? దేవర కోపం అనీ, పూర్వజన్మ పాపం అనీ సర్దుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో దాదాపు 60 శాతం ఆపగలిగిన కారణాల వల్లనే వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ కారణాలన్నీ మన గూడేలకు చుట్టాలే. మొదటిది చెవి కారడం. జలుబు చేసి, చెవిలో చీము పట్టి, కర్ణభేరికి చిల్లి పడి, నెలల తరబడి కారుతూ ఉంటుంది. నా చెవి అలాగే పోయింది. మా అమ్మ ప్రేమతోనే నూనె కాచి పోసింది, వడ్డె ఆకు పసరు పిండాడు, నేను శబరిలో ఈత కొడుతూనే ఉన్నాను. చీము కారే చెవిలో నూనె, పసరు, నీళ్లు ఏది పడినా చేటే. శుభ్రమైన పొడి గుడ్డతో తుడిచి, చెవిని పొడిగా ఉంచి, డాక్టరు రాసిన చుక్కలు వేస్తే చాలామందికి ఆగిపోతుంది. ఆగకపోతే చిల్లిని మూసే ఆపరేషన్ ఉంది. ఈ ముక్క నాకు పదేళ్ల వయసులో ఎవరైనా చెప్పి ఉంటే ఇవాళ నా చెవికి మిషన్ ఉండేది కాదేమో.

ఇంకా ఉన్నాయి. మెదడుకెక్కిన మలేరియా, మెదడు పొరల వాపు, తట్టు, గవదబిళ్లలు, పుట్టిన వెంటనే వచ్చే పెద్ద కామెర్లు, గర్భిణికి సోకే రుబెల్లా. ఒకప్పుడు టీబీకి పొడిచిన స్ట్రెప్టోమైసిన్ సూదుల వల్ల చెవులు పోయిన పెద్దవాళ్లు ఉన్నారు. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు కూడా వినికిడి తగ్గే ప్రమాదం ఎక్కువ. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగే ఇళ్లలో పుట్టు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. మేనరికం మన ఆచారం కాబట్టి దీని గురించి నోరెత్తకూడదు అనేవాళ్లతో నేను ఏకీభవించను. తెలుసుకుని నిర్ణయించుకోవడం వేరు, తెలియకుండా ఉండిపోవడం వేరు. తట్టుకూ రుబెల్లాకూ కలిపి వేసే టీకా మన రెండు రాష్ట్రాల్లో 2017 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. అది చేతికి వేసే టీకా అయినా కాపాడేది చెవిని కూడా.

ఇక మిషన్ల సంగతి. "అన్నీ ఇస్తూనే ఉన్నాం, ఆదివాసులు వాడరు. మూట కట్టి పెట్టెలో పెడతారు" అనే మాట నేను చాలా సమావేశాల్లో విన్నాను. వినబడని చెవితోనూ విన్నాను. ఈ మాటకు జవాబు చెప్పాల్సిందే.

వినికిడి మిషన్ కళ్లద్దాల్లాంటిది కాదు. అద్దం పెట్టుకున్న క్షణాన అక్షరం కనిపిస్తుంది. మిషన్ పెట్టుకున్న క్షణాన ముందు వినబడేది గోల. ఫ్యాను, బెంచీ జరిపిన చప్పుడు, కంచాల మోత, దూరంగా కుక్క అరుపు, వీటన్నిటి మధ్య ఎక్కడో మాట. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటు పడిన మెదడు, ఆ గోలలోంచి మాటను ఏరుకోవడం నేర్చుకోవాలి. దానికి వారాలు, నెలలు పడుతుంది. రోజుకు ఒక గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. నేను మొదటిసారి మిషన్‌తో సంతకు వెళ్లి, పది నిమిషాల్లో తల పగిలిపోతున్నట్టుంటే తీసి జేబులో వేసుకున్నాను. ఇంకో మనిషి నాకు నచ్చజెప్పకపోతే అది జేబులోనే ఉండిపోయేది.

చెవికి సరిపోయే మోల్డు కావాలి. అంటే చెవి లోపలి ఆకారానికి అచ్చు తీసి చేసిన ముక్క. పెద్దవాళ్లకు అది కొన్నేళ్లు వస్తుంది. పిల్లల చెవి పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలలకే వదులవుతుంది. వదులైతే శబ్దం బయటికి తప్పించుకుని, తిరిగి మిషన్‌లోకే దూరి, కీచుమని ఈల వేస్తుంది. తరగతిలో ఆ ఈల వినబడగానే నలభై మంది నవ్వుతారు. మరుసటి రోజు ఆ పిల్ల మిషన్ పెట్టుకుని రాదు. దీనికి మనం పెట్టిన పేరు "ఆదివాసులు వాడరు."

బ్యాటరీ కావాలి. నాది 13 నంబరు, నారింజ రంగు స్టిక్కరు ఉన్నది. స్టిక్కరు పీకగానే గాలి తగిలి పని మొదలుపెడుతుంది, మళ్లీ అంటించినా పెద్దగా దాచుకోలేం. నాకు ఒక్కొక్కటి పది రోజులు వస్తుంది. రెండు చెవులకూ పెట్టుకునే పిల్లకు ఏడాదికి డెబ్బైకి పైగా కావాలి. ఆరేసి ఉండే అట్టలు పన్నెండు. మా గూడేల్లో కిరాణా కొట్లో గుట్కా దొరుకుతుంది, షాంపూ పొట్లం దొరుకుతుంది, ఈ బ్యాటరీ దొరకదు. మారేడుమిల్లి ఘాటు దిగి వెళ్లాలి. ఒక పూట కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. మిషన్ ఊరికే ఇచ్చారు కదా అంటారు. నాగలి ఇచ్చి, ఎద్దుల్ని నువ్వే చూసుకో అన్నట్టుంది.

వానాకాలం తేమకు, చెమటకు మిషన్ చెడిపోతుంది. రాత్రిపూట బ్యాటరీ తలుపు తీసి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టుకోవాలని నాకు ఐదేళ్ల తర్వాత తెలిసింది. శిబిరంలో ఎవరూ చెప్పలేదు. నేను చూసిన ఒక శిబిరంలో మిషన్లు వరసగా పంచారు, మెడలో పూలదండలు వేసి ఫోటోలు తీశారు, మధ్యాహ్నానికి బండ్లు వెళ్లిపోయాయి. ఎవరి చెవికి ఎంత శబ్దం కావాలో సరిచేసినవాళ్లు లేరు. మూడు నెలల తర్వాత వచ్చి చూసినవాళ్లూ లేరు.

హాస్టల్లో ఇంకో విచిత్రం చూశాను. ఒక పిల్లకు ఇచ్చిన మిషన్ పెద్దసారు బీరువాలో తాళం వేసి ఉంది. "పోతే ఎవరు బాధ్యులు?" అన్నారు. తనిఖీ రోజున తీసి పెడతారట. బీరువాలో ఉన్న మిషన్ బీరువాకు వినిపిస్తుంది. పిల్లకు వినిపించదు. వస్తువు పోతే సమాధానం చెప్పాలనే భయం ఉన్న చోట, పిల్ల చదువు పోతే సమాధానం చెప్పాలనే భయం ఎందుకు లేదు?

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మంచి చట్టమే. బడికి వెళ్లే పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్లను గుర్తించడానికి ఐదేళ్లకోసారి సర్వే చేయాలని అది చెబుతుంది. 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్న విద్యార్థులకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలని చెబుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో చెవిటివారికీ వినికిడి తక్కువ ఉన్నవారికీ ఒక శాతం కేటాయించింది. టీచర్లు, యువకులు ఈ చట్టాన్ని చదవాలి, చదివి వినిపించాలి.

కానీ అదే చట్టం వినికిడి తక్కువ అనడానికి రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్ లోపం ఉండాలని గీత గీసింది. మామూలు సంభాషణే 60 అని పైన చెప్పాను. అంటే మామూలు మాట పూర్తిగా పోయాకే చట్టం మనల్ని చూస్తుంది. 45 దగ్గర ఉన్న పిల్లవాడికి సర్టిఫికెట్ రాదు. అరవై మంది ఉన్న గదిలో, రేకుల కప్పు మీద వాన పడుతుంటే, బోర్డు వైపు తిరిగి పంతులు చెప్పే రెండో భాష పాఠం వాడికి ఎంత అందుతుంది? ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడైతే వినబడని మాటను అలవాటు కొద్దీ పూరించుకుంటాడు. మనవాడు దేనితో పూరించుకోవాలి? సగం చెవి, కొత్త భాష రెండూ కలిస్తే పూర్తి చెవుడే. ఈ లెక్క ఏ ఫారంలోనూ లేదు. పింఛను రాని పిల్లవాడికి కూడా మిషన్ అవసరం ఉంటుందని మనమే గట్టిగా చెప్పాలి.

ఇంతవరకు బయటివాళ్లను అన్నాను. ఇప్పుడు మన ఇంటి సంగతి.

మన గూడేల్లో చెవి వినబడని మనిషికి పేరు ఉండదు. "చెవిటోడు", "చెవిటిది" అనేదే పేరు. నవ్వుకోవడానికి వెనక నుంచి తిడతాం. పంచాయితీలో అందరి మాటా తీసుకుంటాం, అతన్ని మాత్రం అడగం, నిర్ణయం అయిపోయాక చేత్తో సైగ చేసి చెబుతాం. ఆడపిల్ల అయితే ఇంకా దాచిపెడతాం, సంబంధం తప్పిపోతుందని. సంప్రదాయం, సమానత్వం అని వేదికల మీద చెప్పుకునే మనం, కొమ్ము బూర మోత వినబడనివాణ్ని ఆట వరసలోకి చెయ్యి పట్టి లాగుతున్నామా? డోలు దెబ్బ నేల మీద కాళ్లకు తెలుస్తుంది. పక్కవాడి భుజం పట్టుకుంటే అడుగు కలుస్తుంది. పిలవడమే మన పని.

నేను కూడా తక్కువవాణ్ని కాదు. ఉద్యోగంలో చేరాక పదేళ్లు నా చెవి సంగతి దాచాను. మీటింగుల్లో ఎప్పుడూ ఎడమ వైపు చివర కూర్చునేవాణ్ని, కుడి చెవి అందరి వైపు ఉండేలా. అర్థం కాకపోతే తలూపేవాణ్ని. ఆఫీసులో ఒకరు "కోయోడు కదా, చెప్పింది ఎక్కదు" అని పక్కన అనడం ఆ కుడి చెవితోనే విన్నాను. వినబడలేదు అని చెబితే చెవిటోడు అంటారు, చెప్పకపోతే కోయోడు అంటారు. రెండిట్లో కోయోడు అనిపించుకోవడమే మేలనుకున్నాను. ఆ మౌనమే తర్వాత నా తరగతిలో ఆ పిల్లవాడి దగ్గర కూడా నన్ను గుడ్డివాణ్ని చేసింది. నా చెవి కారింది కాబట్టి నా లోపం నాకు తెలిసింది. వాడి చెవి కారలేదు, నొప్పి లేదు, బయటికి ఏ గుర్తూ లేదు. కారని చెవి కూడా చెవుడు కావచ్చని నేను అనుకోలేదు.

"ముందు రోడ్డు, అంబులెన్సు, డాక్టరు రావాలి, చెవులు తర్వాత చూద్దాం" అనే నాయకులు మనలోనే ఉన్నారు. డోలీలో గర్భిణిని మోసుకెళ్లే చోట చెవి గురించి మాట్లాడితే చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ రోడ్డు పదేళ్లు ఆలస్యమైతే పదేళ్ల తర్వాతైనా దాని మీద నడవొచ్చు. పిల్లవాడికి మాట నేర్చుకునే వయసు మొదటి కొన్నేళ్లే. అది దాటిపోతే తర్వాత ఎన్ని మిషన్లు పెట్టినా ఆ లోటు పూర్తిగా పూడదు. తర్వాత చూద్దామనడానికి వీల్లేని పని ఇది.

అయితే ఏం చేయాలి? ఉత్తర్వు అక్కర్లేని పనులు ముందు చెబుతాను. టీచర్లూ, ఇవి రేపు పొద్దునే మొదలుపెట్టొచ్చు.

పిల్లల రిజిస్టర్‌లో "తెలుగు రాదు" అని రాసే ముందు ఒక పని చేయండి. పిల్లవాడి వెనక చెయ్యి చాచినంత దూరంలో నిలబడి, వాడి ఇంటి భాషలో, వాడికి బాగా తెలిసిన మాటలు చిన్న గొంతుతో చెప్పి, తిరిగి చెప్పమనండి. ఒక్కో చెవినీ వేరుగా చూడండి. మీకు ఆ భాష రాకపోతే పై తరగతి పిల్లను పక్కన పెట్టుకోండి. ఇది డాక్టరు పరీక్ష కాదు, కానీ ఎవర్ని డాక్టరు దగ్గరికి పంపాలో తెలుస్తుంది. ఇంకా సులువైన పరీక్ష ఉంది. పిల్లల్నే అడగండి: "మీలో ఎవర్ని తట్టి పిలవాలి?" వాళ్లు చెబుతారు.

వినికిడి తక్కువ ఉన్న పిల్లను ముందు బెంచీలో, మెరుగైన చెవి మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. మొహం మీద వెలుతురు పడేలా నిలబడండి. అరవకండి, అరిస్తే మిషన్‌లో మాట ముక్కలవుతుంది. ఒకసారి అర్థం కాకపోతే అదే వాక్యం పదిసార్లు చెప్పకుండా మాట మార్చి చెప్పండి. మిషన్ బీరువాలో పెట్టకండి. పోతే పోతుంది, పిల్ల చెవి మీదే ఉండనివ్వండి.

యువకులకు చెప్పేది వేరే ఉంది. పాటలు రికార్డు చేయడానికి, వీడియోలు తీయడానికి మీకు ఫోన్లు ఉన్నాయి. మిషన్ ఎలా పెట్టుకోవాలి, మోల్డు ఎలా కడుక్కోవాలి, బ్యాటరీ ఎలా మార్చాలి, చెవి కారితే ఏం చేయకూడదు, ఇవి మన భాషల్లో రెండు నిమిషాల వీడియోలు తీయండి. గోండిలో, కువిలో, సవరలో, కోయలో. పట్నం నిపుణులకు మన మాటలు తెలియవని తిట్టుకునే బదులు, బొమ్మల పక్కన మన మాటలు రాసి ఇవ్వండి. నీళ్ల బొమ్మ పక్కన "ఏరు" అని ఒక్క మాట రాసి ఉంటే ఆ రోజు ఆ పిల్లకు తప్పు పడేది కాదు.

ఇవి మనం చేసుకునేవి. అడిగి తెచ్చుకోవలసినవి వేరు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. బడి పిల్లలను ఏడాదికోసారి చూడాలి, చూడాల్సిన జాబితాలో వినికిడి ఉంది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర పథకం 1981 నుంచి ఉంది. కొత్త పథకం అడగడం లేదు. ఉన్నవాటిని మన చెవిదాకా తెమ్మంటున్నాం. ప్రతి ఆశ్రమ పాఠశాలలో జూన్‌లో బడి తెరిచిన నెలలోపు అందరికీ పరికరంతో చెవి పరీక్ష జరగాలి, ఇంటి భాష తెలిసిన మనిషి పక్కన ఉండగా. నెలలో ఒక రోజు ఆడియాలజిస్టు ఏజెన్సీలోనే ఒక చోట కూర్చోవాలి, మోల్డులకు, మరమ్మతులకు మనం ఘాటు దిగాల్సిన పని లేకుండా. పెరిగే పిల్లలకు ఆరు నెలలకోసారి చెవి కొలత చూడాలి. బ్యాటరీలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో జీసీసీ డిపోలోనో దొరకాలి. మన కొండల్లోకి బియ్యం, చక్కెర మోసుకొచ్చే డిపో వేలెడంత అట్టను మోయలేదా? ఏ మిషన్‌తోనూ మాట అందనంత లోపం ఉన్న పిల్లలకు సైగల భాష నేర్పే టీచరు రావాలి. వాళ్లకు బలవంతంగా మిషన్ తగిలించి, మా పని అయిపోయింది అనడం కుదరదు.

ఈ కోరికల్లో ఒక్కటి కూడా పెద్ద ఖర్చు కాదు. ఖర్చయ్యేది మిషన్, దాన్ని ఇస్తూనే ఉన్నారు. దాని తర్వాత ఉండే చిన్న పనులే లేవు. ఆ చిన్న పనులు లేక పెద్ద ఖర్చు కూడా పెట్టెల్లో, బీరువాల్లో మట్టిపాలవుతోంది.

మొదట చెప్పిన పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడికి మిషన్ వచ్చేసరికి ఆరో తరగతి. అక్షరాలు చేతికి వచ్చాయి గానీ మాటలు రాలేదు. పదో తరగతి తప్పాడు, మళ్లీ రాయలేదు. ఇప్పుడు పెళ్లయింది. మిరపకోతల కాలంలో అటు వెళ్తాడు, మిగతా రోజులు పోడు చూసుకుంటాడు. సంతలో కనిపిస్తే ఇప్పటికీ నా మొహం వంక అలాగే రెప్ప వేయకుండా చూస్తాడు, పెదవులు చదవడానికి. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. మొన్న ఒక సంతలో దగ్గరికి వచ్చి చెవి చూపించి అడిగాడు: "సార్, బ్యాటరీ ఉందా?"

వాడిదీ 13 నంబరే. నా అట్టలో మూడు మిగిలితే రెండు ఇచ్చాను. ఇరవై రోజులు వస్తాయి. ఆ తర్వాత ఆ చెవి ఎవరిది?